ఒట్టి కడుపుతోని మింగిన గోలీలు

మొటిమలకు ఎవ్వలన్న గింత పరేషాన్ అయితరా అని నవ్వేటోల్లు ఈ కాయితం ఇక్కడ్నే మడిచి పెట్టుండ్రి. మీతోని నాకు పని లేదు. మొఖానికి కొంగు అడ్డం పెట్టుకొని బస్సుల ఆఖరు సీటుల కూసునే పిల్లల కోసం రాస్తున్న, వాళ్ళ అవ్వల కోసం రాస్తున్న. జర నా కోసం గూడ.

నా పేరు సుగుణ. మాది ఎల్లారెడ్డి. బాపు రైసుమిల్లుల హమాలీ, అవ్వ బీడీలు చేస్తది. మా ఇంట్ల పదో తరగతి పాసైన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు నాకు ఇరువై ఏండ్లు. మొఖం మానింది. గుంటలు మిగిలినయ్, అవి పోవని డాక్టర్ చెప్పిండు, నేను గూడ అడుగుడు బందువెట్టిన. మొఖం ముచ్చట గాదు నన్ను తినేది. వేరే ఉన్నది. అది చెప్పాలంటే మొదటిసంది చెప్పాలె.

1986, వానకాలం

కామారెడ్డిల ఇంటర్ సీటు వచ్చింది. బైపీసీ. అది అయిపోంగనే నర్సు ట్రైనింగ్‌కు పోవాలెనని నా మనసుల ఉండె. అవ్వకు గూడ అదే ఆశ. బాపు మాత్రం "రెండేండ్లు చదువుకో, తర్వాత చూద్దాం" అన్నడు. చూద్దాం అంటే వద్దు అన్నట్టే అని మా ఇంట్ల అందరికి తెలుసు. అయినా పంపిండు. సందుగ నెత్తిమీద పెట్టుకొని హాస్టల్ దాక వచ్చి దించి పోయిండు.

హాస్టల్ల ముప్పై మంది ఆడపిల్లలం, ఒక్క అద్దం. అది తలుపు పక్కన మేకుకు ఏలాడుతుండె. దసర ముందట గదువ మీద రెండు లేచినయ్. నేను పట్టించుకోలే. గా ఈడుల అందరికి లేస్తయ్. చలికాలం వచ్చేసరికి అవి మొటిమలు గాకుంట అయినయ్. లోపల గడ్డ కట్టి, ముట్టుకుంటే జివ్వుమని గుంజుతుండె. కుడిదిక్కు పండుకుంటే కుడి చెంప, ఎడమదిక్కు పండుకుంటే ఎడమ చెంప. పొద్దున లేస్తే తలకింది మెత్త గుడ్డకు చీము, రక్తం మరకలు. నా గుడ్డ నేనే అందరికన్న ముందు లేచి ఉతుక్కుంటుంటి.

ఇంటికి పోతే మా వాడల డాక్టర్లకు కొదువ లేదని తెల్సింది. ఒకామె నూనె తినద్దన్నది. ఒకామె నెత్తికి నూనె పెట్టకపోవుడు వల్లనే అన్నది. ఒకామె వేపాకు నూరి తెచ్చి నా అనుమతి గూడ అడగకుంట మొఖానికి పూసి పోయింది. పెండ్లైతే అవే పోతయ్ అన్నోల్లనైతే లెక్కపెట్టలేం. అదేం మందో, పెండ్లికొడుకు మొఖం చూస్తే గడ్డలు భయపడి ఉరుకుతయ్ కావచ్చు. నేను నవ్విన అప్పుడు. ఏడ్చుడు ఎనుక మొదలైంది.

హాస్టల్ల నాకు కంకర రోడ్డు అని పేరు పెట్టిండ్రు. నా ముందట అననట్టే ఉందురు, నాకు ఇనవడేటట్టే అందురు. రెహానా అని ఒక పిల్ల, నాగిరెడ్డిపేట దిక్కు పిల్ల, నా పక్క మంచం. అది ఒక్కతే నా పళ్ళెంల చెయ్యి పెట్టి తింటుండె. అద్దం కాడ ఎవ్వలన్న నన్ను చూసి తొలిగితే, అది పనిగట్టుకొని వచ్చి నా భుజం మీద గదువ పెట్టి తల దువ్వుకుంటుండె. ఆ పిల్ల చేసిన సాయం గంతే. గదే మస్తు.

1987, జులై

రెండో సంవత్సరం మొదలై నెల గాలే. ఒక పిల్ల వాళ్ళ నాయిన పెద్దకొడప్‌గల్ నుంచి బిడ్డను చూడనీకె వచ్చిండు. నేను నీళ్ళ హౌజు కాడ మొఖం కడుక్కుంటున్న. నన్ను చూసిండు. చూసి, బిడ్డను పక్కకు గుంజుకున్నడు. తర్వాత వార్డెన్ మేడం అర్రల శానసేపు మాట్లాడిండు.

సాయంత్రం మేడం పిలిచింది. ఆమె కఠినమైన మనిషి గాదు, అది గూడ చెప్పాలె. కుర్చీల కూసోమన్నది.

"సుగుణా, అందరు ఒక్క హౌజుల నీళ్ళే వాడుతరు. ఒకరిది ఒకరికి అంటుతదని పిల్లల తల్లిదండ్రులు భయపడుతున్నరు."

"ఇది అంటదు మేడం. అంటేదైతే రెహానాకు అంటాలె గద."

"నాకు తెలుసు, నీకు తెలుసు. వాళ్ళకు ఎవరు చెప్పాలె? ఇంటికి పో. మంచి డాక్టర్‌కు చూపించు. మొఖం మానినంక, మానిందని చీటీ రాయించుకొని రా. నీ మంచం ఎవ్వలకు ఇయ్యను."

ఇదీ నా కత. మొఖం మానితే చదువు, మానకపోతే లేదు. హాజరు తక్కువైతే పరీక్షకు కూసోనియ్యరు. రోజూ బస్సుల పోయి రారాదా అని మీరు అడగొచ్చు. పోయిన, పదిహేను రోజులు. ఎల్లారెడ్డిల మొదటి బస్సు ఎక్కినా, కామారెడ్డిల దిగి నడిచి పోయేసరికి రెండు క్లాసులు అయిపోతుండె. ఆలస్యమైతే హాజరు ఎయ్యకపోదురు. పదిహేనో రోజు బాపు "ఇగ చాలు, ముందు మొఖం సంగతి చూడు" అన్నడు.

మేడం దసర దాక ఓపిక పడుతనన్నది. నేను లెక్క చూసుకున్న. దసర కల్లా మానితే గట్టెక్కుత.

1987, ఆగస్టు

కామారెడ్డిల తోలు డాక్టర్ కాడికి బాపు తోలుకపోయిండు. నేను దవాఖానల గన్నిసార్లు కూసున్న గని, ఆ మొదటి రోజే కండ్లకు కట్టినట్టు ఉన్నది. పొడుగు బల్ల మీద మనుషులు ఒత్తుకొని కూసున్నరు. నేను పోయి చివరకు కూసున్న. నా పక్కామె జరిగింది. ఆమె పక్కామె గూడ జరిగింది. ఇద్దరు కూసునేంత జాగ అయింది నడిమిట్ల. అందరు తోలు రోగాలోల్లే, గజ్జి ఉన్నోల్లు, తామర ఉన్నోల్లు. వాళ్ళు గూడ నన్ను చూసి జరిగిండ్రు.

అప్పుడు ఎదురుబల్ల మీదికెళ్ళి ఒక ముసలామె లేచింది. గాజుల బుట్ట పక్కన ఉన్నది, గాజులమ్మ కావచ్చు. వచ్చి ఆ జాగల నాకు ఆనుకొని కూసున్నది. "పంకా గాలి ఇక్కడ మంచిగ వస్తది బేటీ" అన్నది. పంకా తిరుగుతలేదు. కరెంటు లేదు అప్పుడు.

డాక్టర్ నా మొఖం చెయ్యితోని ముట్టి చూసిండు. ముట్టినోల్లు తక్కువ గనుక అదొక్కటి నాకు యాది ఉన్నది. చీటీ రాసిండు. రెండు రంగుల గోలీలు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏమీ తినకముందు, ఖాళీ కడుపుతో వేసుకోవాలి. మూడు నెలలు పడుతుంది. మధ్యలో మానేయొద్దు."

"మూడు నెలలా సార్? దసర కల్లా తగ్గదా?"

"తగ్గడం మొదలవుతుంది."

నాకు గది చాలు అనిపించింది. బస్సుల వచ్చేటప్పుడు గోలీల పొట్లం బాపు జేబుల పెట్టుకోలే, నా చేతికే ఇచ్చిండు. నేను దాన్ని తొవ్వ పొడుగు రెండు చేతులల్ల పట్టుకొని కూసున్న.

మొదటి రోజు పొద్దున మింగిన. అర్ధగంటల కడుపుల మంట లేచింది. మిరపకాయ మింగినట్టు రొమ్ము నడుమల మంట, నోట్లె నీళ్ళు ఊరుడు. కక్కిన. రెండో రోజు గట్లనే. మూడో రోజు అవ్వ బీడీల చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. అవ్వకు తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకొని అప్పటికే రెండేండ్లు. ఎల్లారెడ్డి సర్కారు దవాఖానల "రొమ్ము బలహీనంగ ఉన్నది, రోజూ పాలు తాగు" అన్నరు. మా ఇంటెనుక బర్రెలు ఉన్న రాజవ్వ కాడ పావుసేరు పాలకు వాడిక పెట్టుకున్నం, ఒక్క అవ్వ కోసమే. ఇంట్ల చాయల గూడ అవి పోయకపోదుము.

ఆ పాలు కాచి, చల్లార్చి, గిలాసల పోసి అవ్వ నా ముందట పెట్టింది.

"గోలి వేడి చేస్తున్నది. చలువకు పాలతోని మింగు బిడ్డా."

"మరి నీకు?"

"నాకేమైంది. దగ్గు ఎక్కడికి పోతది, ఉంటది." గిలాస నా చేతికి ఇయ్యబోయి ఆగింది. "కని డాక్టర్ ఒట్టి కడుపుతోని అన్నడు గద. పాలు తాగొచ్చునో లేదో. ఒకపారి అడిగి చూస్తే ఏమాయె? బాపు కామారెడ్డి మండీకి పోతే అడిగి వస్తడు."

నేను ఏమన్ననో చూడుండ్రి. కామారెడ్డిల బైపీసీ చదివే పిల్లను నేను. వేలిముద్ర ఏసే అవ్వ అడుగుదాం అంటున్నది.

"శనివారం ఒక్కపొద్దు ఉంటవ్ గద అవ్వా, అప్పుడు పాలు తాగవా? ఒక్కపొద్దు చెడుతదా?"

"చెడదు."

"మరి పాలు తాగితె తిన్నట్టా? ఒట్టి కడుపే ఉన్నట్టు. దీనికి డాక్టర్ను అడగాల్నా? పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తడు."

అవ్వ ఒప్పుకున్నది. నేను చదువుకున్నదాన్ని గద. ఆ రోజు పాలతోని మింగిన. మంట లేవలే. కక్కలే. ఇద్దరం సంబురపడ్డం. అప్పటిసంది పొద్దున సగం గిలాస, సాయంత్రం సగం గిలాస.

1987, దసర ముందు

నెల అయింది. ఏం మారలే. రెండో నెల నడుస్తున్నది, గదువ కింద కొత్తయి లేచినయ్. నేను పొద్దున లేవంగనే వేళ్ళతోని తడిమి లెక్కపెట్టుకుంటుంటి. ఒక రోజు రెండు తక్కువ వస్తే ఆ రోజంత పాట పాడుకుంట బీడీలకు ఆకు కత్తిరిస్తుంటి. మర్నాడు మూడు ఎక్కువ వస్తుండె.

మళ్ళ డాక్టర్ కాడికి పోయినం. ఆయన చూసి నొసలు ముడిచిండు.

"మందు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్న సార్."

"నేను చెప్పినట్టే, ఖాళీ కడుపుతో?"

"ఔ సార్. ఒట్టి కడుపుతోనే."

నేను అబద్ధం చెప్పలే. నాకు తెల్సినంతల అది నిజమే. పాల ముచ్చట నా నాలిక మీదికి గూడ రాలే. ఆయన కండ్లు ఇంక కొద్దిసేపు నా మొఖం మీద నిలిచినయ్. తర్వాత బాపు దిక్కు తిరిగిండు.

"ఈ వయసు పిల్లలు చేదని పారేస్తుంటారు. మీరు దగ్గర ఉండి వేయించండి. రెండు కాదు, నాలుగు చెయ్యండి రోజుకు."

బాపు నాకన్న ముందు ముందు బస్టాండ్ దాక నడిచిండు. అక్కడ బస్సు కోసం నిలవడ్డప్పుడు, పదిమంది ఇంటుండంగ, "పారేస్తున్నవా?" అన్నడు.

"లేదు బాపూ."

"మరి నలుగురు పిల్లలకు పనిచేసే మందు నీకెందుకు పనిచేస్తలేదు? చదువు మీద మనసు పోయిందా, చెప్పరాదు. నేనేమన్న బలవంతంగ పంపుతున్ననా?"

నాకు కోపం వచ్చింది. పంపుమని కాళ్ళు పట్టుకున్నది నేను. నేనెందుకు పారేస్త? కని నోరు తెరిస్తే ఏడుపు వస్తదని తెరవలే. నా పక్కన ఒకామె మరాఠీల వాళ్ళ బిడ్డతోని ఏందో అన్నది. మద్నూర్ దిక్కోల్లు కావచ్చు. నాకు సమజ్ గాలే గని నా మొఖం గురించే అనుకున్న. ఆ రోజుల్ల ఎవ్వలు ఏం మాట్లాడినా నా మొఖం గురించే అనిపిస్తుండె.

ఆనాటి నుంచి బాపు ముందట నిలవడి నేను గోలి మింగేదాక చూసి మిల్లుకు పోవుడు మొదలువెట్టిండు. మింగినంక నోరు తెరవమంటుండె. నోరు తెరిచి చూపిస్తుంటి. పదిహేడేండ్ల పిల్లను. ఆ పాల గిలాస నా చేతుల రోజూ చూసిండు గద, ఆయనకు గూడ తోచలే.

నాలుగు గోలీలు అయినయ్ గనుక అవ్వ పాలు గూడ పెంచింది. పావుసేరు అద్దసేరు అయింది. పెరిగిన పాల పైసలకు బదులు అవ్వ పొద్దుగాల్ల పోయి రాజవ్వ బర్రెల పెండ తీసి వస్తుండె. దగ్గుకుంట పోతుండె, దగ్గుకుంట వస్తుండె. ఎంత తోడి పోస్తే అంత జల్ది నాకు నయమైతదని ఆమె నమ్మకం.

మందు పెరిగిన కొద్ది పాలు పెరిగినయ్. పాలు పెరిగిన కొద్ది మందు మునిగింది. గిది ఇప్పుడు ఒక్క ముక్కల రాస్తున్న గని, అప్పుడు మా ముగ్గురి ప్రాణం గా గిలాసల ఉండె.

1987 చలికాలం, 1988 ఎండకాలం

దసర పోయింది. దీపావళి పోయింది. మేడం ఒక కార్డు రాసింది, హాజరు ఇగ కలువదని, మంచం వేరే పిల్లకు ఇచ్చినమని, ఏమనుకోవద్దని. బాపు పోయి సందుగ తెచ్చిండు. పోయేటప్పుడు నెత్తిమీద మోసుకపోయిన సందుగనే. ఇంట్ల దించి, "అన్ని ఉన్నయో లేవో చూసుకో" అన్నడు. ఆయన గొంతుల కోపం లేదు. కోపం ఉంటే మంచిగుండు అనిపించింది. సందుగల రెహానా తన జంతువుల శాస్త్రం నోటు పుస్తకం పెట్టి పంపింది, బొమ్మలు మంచిగ ఏసుకున్న పుస్తకం. ఎప్పటికన్న నేను పరీక్ష రాస్తననుకున్నది.

అవ్వ పక్కన చాట ఏసుకొని కూసున్న. బీడీలు నాకు చిన్నప్పటిసంది వచ్చు, నేర్చుకునే పని లేదు. మార్చిల పరీక్షలు అయినయ్. పరీక్షల రోజుల్ల నేను తలుపు గడియ పెట్టుకొని చుట్టిన. మా వాడల ఇంకో పిల్ల రాస్తుండె, ఆ పిల్ల పోవుడు చూడొద్దని.

గోలీలు మాత్రం నడుస్తనే ఉన్నయ్. ఇంకొక నెల చూద్దాం అని ఒకసారి, అదే మందు వేరే కంపెనీది రాసి ఒకసారి. పనిచెయ్యదని తెల్సిన మందు రోజూ మింగుడు ఎట్లుంటదో మింగినోల్లకే ఎరుక. ఎండకాలంల నడిమిట్ల డాక్టర్ "నీ శరీరానికి ఇది పడడం లేదు" అన్నడు. అంటే నా ఒళ్ళుదే తప్పు. బందువెట్టమనలే, వేరేది రాయలే, మేము గవే తెచ్చుకుంట పోయినం. ఆయనకు ఇంకో ప్రశ్న అడిగే టైము లేకపోయె. బయట బల్ల నిండ మనుషులు ఉన్నరు. ఆయన మీద నాకు కోపం ఉండె, ఇప్పుడు గూడ జర ఉన్నది. దాచుకోను.

1988, వానకాలం

అవ్వకు దగ్గు ఎక్కువైంది. మాట మాట్లాడితే ఆయాసం. ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు నేనే తోలుకపోయిన. అక్కడ మరియ సిస్టర్ అని, నడీడు మనిషి, గొంతు పెద్దది, మనసు మంచిది. సిస్టర్ అవ్వ చీటీ తిరగేసి, పేరువెట్టి అడిగింది.

"పాలు తాగుమన్నం గద. తాగుతున్నవా నర్సవ్వా?"

"తాగుతున్న" అన్నది అవ్వ, నేల చూసుకుంట.

"తాగుతలేదు సిస్టర్" అన్న నేను. "ఉన్నయన్ని నాకే ఇస్తది. గోలీలు వేడి చేస్తున్నయని."

సిస్టర్ అప్పుడు నా దిక్కు చూసింది. మొఖం చూసింది, తర్వాత "ఏం గోలీలు?" అన్నది. నా దగ్గర చీటీ లేదు. ఇంటికి ఉరికి పొట్లం తెచ్చిన. అవ్వ బల్ల మీద కూసొని ఉన్నది.

సిస్టర్ పొట్లం ఎనుకముందు చదివి, "ఎంత కాలం సంది?" అన్నది.

"ఏడాది అయితుంది."

"అన్నీ పాలతోనేనా?"

"అన్నీ పాలతోనే."

ఆమె పొట్లం బల్ల మీద పెట్టింది. తర్వాత పెద్దగొంతు తగ్గించి చెప్పింది. "మందు మంచిదే బిడ్డా. ఈ గోలీకి పాలు పడయి. పాలల్ల కలిస్తే కడుపులనే గట్టిపడుతది, రక్తంల కలిసేది కొంచెమే. పెరుగు గట్లనే, రక్తం పెరిగే ఐరన్ గోలీలు గట్లనే. నిండ గిలాస నీళ్ళతోని మింగాలె, మింగినంక పండుకోవద్దు. ఎండల తిరగద్దు, మొఖం కమిలిపోతది. ఎవ్వలు చెప్పలేదా?"

ఎవ్వలు చెప్పలే. మేము ఎవ్వలను అడగలే.

ఆమె లోపలికి పోయి డాక్టర్‌తోని మాట్లాడి కొత్త చీటీ రాయించింది. "పెండ్లైనంక కడుపుతోని ఉంటే ఇది మింగద్దు, యాది పెట్టుకో" అని గూడ చెప్పింది. నాకు ఏది చెవికి ఎక్కుతలేదు. ఏడాది, మంచం, సందుగ, పరీక్షలు, బాపు ముందట నోరు తెరుచుడు, అన్నీ ఒక్కసారి మీదికి వచ్చినయ్.

ఇంట్లకు వచ్చి అవ్వ ఆయాసంతోని గోడకు ఆనుకొని కూసున్నది. కొంగుతోని మొఖం తుడుచుకొని, మెల్లగ, "అంటే పాలు ఇయ్యొద్దు గద ఇగ" అన్నది.

అప్పుడు నా నోట్ల నుంచి వచ్చిన మాట ఇది. ఒక్క అక్షరం మార్చకుంట రాస్తున్న.

"నీ పాలే నన్ను ముంచినయ్. నా చదువు నువ్వే తిన్నవ్. ఎవ్వలడిగిండ్రు నిన్ను పాలు ఇయ్యిమని?"

అవ్వ నా దిక్కు చూసింది. డాక్టర్ను అడుగు అన్నది తను. ఒక్కపొద్దు ముచ్చట చెప్పి నోరు మూయించింది నేను. ఆ మాట ఆమె నోటికాడికి వచ్చిందో రాలేదో నాకు తెల్వది. ఆమె అనలే. అంటదని నేను ఎదురుచూసిన గూడ. అంటే కొట్లాడుదామని. ఆమె లేచి, పొయ్యి మీద ఉన్న పాలగిన్నె తీసుకొని రాజవ్వ ఇంటికి పోయింది. ఆ గిన్నె అక్కడ్నే ఇచ్చి, రేపటిసంది వాడిక వద్దని చెప్పి వచ్చింది.

1988 దసర ఎనుక

నీళ్ళతోని మింగిన. మంట లేచింది, పండుకోకుంట అటిటు నడిచిన. రెండు నెలలకు కొత్తయి లేచుడు ఆగింది. నాలుగు నెలలకు గడ్డలు కరిగినయ్. అద్దంల నా గదువ ఎముక ఎట్లుంటదో మళ్ళ చూసిన. సంతోషం వచ్చిందా అంటే, వచ్చింది. అబద్ధం ఎందుకు. ఆడపిల్లను, మొఖం మానితే సంతోషం రాదా. కని ఆ సంతోషం ఎవ్వలకు చూపియ్యాల్నో తెల్వకపోయె.

మరుసటేడు మళ్ళ చేరుతనని బాపును అడిగిన. "చూద్దాం" అన్నడు.

అవ్వ మాత్రం మారిపోయింది. పాలు ఆమె తాగుతదనుకున్న, నాకు బందైనయి గద అని. ఇంట్లకు రానియ్యదు. "పాలు చూస్తే భయమైతది బిడ్డా" అన్నది ఒకపారి, గంతే. దగ్గు అట్లనే ఉన్నది. ఇంక నాకు ఏది పెట్టాలన్నా అడుగుతది. చారు పోసేటప్పుడు, "ఇది తినొచ్చునా?" జామపండు తెచ్చి, "ఇది పడుతదా నీకు?" గోలీలు బందై ఏడాది దాటినా అడుగుతది. కడుపుల ఉన్నప్పటిసంది నాకు తిండి పెట్టిన మనిషి, నా పళ్ళెం ముందట చెయ్యి ఆపుకొని నిలవడుతది. తప్పు డాక్టర్‌ది అవ్వా, ఆయన చెప్పలేదు అన్న. తల ఊపింది. బాపు గూడ చెప్పిండు. తల ఊపింది. మర్నాడు మళ్ళ అడిగింది.

నేను చెప్పాల్సింది డాక్టర్ గురించి గాదని నాకు తెలుసు. చెప్పలేకపోయిన. రెండేండ్లు.

1990, మొన్న

పోయిన వారం నాకు జరం వచ్చింది. మామూలు జరమే. మధ్యాహ్నం కండ్లు తెరిస్తే అవ్వ గడపల నిలవడి ఉన్నది, చేతుల జొన్న జావ గిన్నె. లోపలికి వస్తలేదు. ఎంత సేపటిసంది నిలవడ్డదో. జావ మీద పొర కట్టింది.

"సిస్టర్ను అడిగి వస్త ఆగు" అన్నది. "జరానికి గోలి మింగినవ్ గద. జావ తాగొచ్చునో లేదో."

దవాఖాన దాక పోతే ఆమెకు ఆయాసం వస్తది. ఉత్త జావ కోసం.

"అవ్వా" అన్న. "ఆ రోజు డాక్టర్ను అడుగుదాం అన్నది నువ్వు. వద్దన్నది నేను. ఒక్కపొద్దు ముచ్చట చెప్పింది నేను. తప్పు నాది. నీ మీద ఏసిన."

అవ్వ గిన్నె దిక్కే చూసింది.

"నాకు యాది లేదు బిడ్డా" అన్నది.

ఆమెకు అన్నీ యాది ఉంటయ్. ఏ ఏడు ఏ నెల ఎన్ని కట్టల బీడీలు చేసిందో చెప్పే మనిషి.

నేను లేచి గడప కాడికి పోయి, ఆమె చేతులల్ల నుంచి గిన్నె తీసుకొని, అక్కడ్నే నిలవడి తాగిన. అంత తాగిన, అడుగు దాక. ఖాళీ గిన్నె ఆమెకు చూపిచ్చిన. ఆమె తీసుకొని పక్కన పెట్టింది. కడగనీకె పోలే. చాట గూడ ముట్టలే. నా మంచం పక్కన నేల మీద కూసున్నది, పొద్దుగూకేదాక, నాకు ఏమన్న అయితదేమోనని నా మొఖం దిక్కే చూసుకుంట.